వీడని జ్వరం, చెడిన కవాటం

మనిషి గుండెలో నాలుగు కవాటాలుంటాయి. వాడుకలో వాటిని వాల్వులంటారు. నెత్తురు ముందుకు పోవాలి, వెనక్కి మళ్లకూడదు; వాటి పని అంతే. రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకునే ఆ పలచటి రెక్కల మీద బ్యాక్టీరియా గానీ, అరుదుగా ఫంగస్ గానీ చేరి పాతుకుపోతే వచ్చే జబ్బు పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. 1885లో లండన్‌లో విలియం ఆస్లర్ ఈ జబ్బు మీద వరుసగా మూడు ఉపన్యాసాలిచ్చాడు. అప్పటికి వైద్యుల చేతిలో దీనికి మందు లేదు. 1940లలో పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చేదాకా జబ్బు పేరు చెప్పడమంటే చావు కబురు చెప్పడమే. మందులున్న ఈ కాలంలో కూడా ఆసుపత్రిలో చేరినవారిలో ఐదారుగురికి ఒకరు ఇంటికి తిరిగి రావడం లేదు.

ఆరోగ్యంగా ఉన్న కవాటం నున్నగా ఉంటుంది. పళ్లు తోముకున్నప్పుడు, గట్టి పదార్థం నమిలినప్పుడు నోటి నుంచి కొన్ని క్రిములు నెత్తురులోకి జారుతూనే ఉంటాయి గానీ, శరీరం నిమిషాల్లో వాటిని తుడిచేస్తుంది. కవాటం ముందే దెబ్బతిని ఉన్నప్పుడు పరిస్థితి వేరు. ముడుచుకుపోయిన రెక్కల సందులోంచి నెత్తురు చిమ్ముతుంది, సుడి తిరుగుతుంది, ఆ ఒరిపిడికి లోపొర చెదురుతుంది. షట్టరు వంగిన చెరువు తూము దగ్గర చెత్తా పాచీ పేరుకున్నట్టు, చెదిరిన ఆ చోట ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ పోగులు పేరుకుంటాయి. దారినపోయే క్రిమి అందులో చిక్కుకుని అక్కడే పెరుగుతుంది. ఈ పెరుగుదలనే వైద్యులు వెజిటేషన్ అంటారు. దాని లోపల క్రిములు కిక్కిరిసి ఉంటాయి. రక్తనాళాలు ఉండవు, తెల్ల రక్తకణాలు చొరబడలేవు. మామూలు మోతాదు మాత్రలు దీన్ని ఏమీ చేయలేకపోవడానికి, వారాల తరబడి నరం ద్వారా మందు ఎక్కించాల్సి రావడానికి ఇదే కారణం.

హాని రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి, క్రిములు కవాటాన్ని తొలిచేస్తాయి. రెక్క చిరిగి నెత్తురు వెనక్కి కొడుతుంది, గుండె అలసిపోతుంది, పడుకుంటే ఆయాసం వస్తుంది. రెండోది ఇంకా ఆకస్మికం. వెజిటేషన్ నుంచి ముక్క తెగి నెత్తురుతో పాటు కొట్టుకుపోయి ఎక్కడో ఒక నాళంలో ఇరుక్కుంటుంది. మెదడులో ఇరుక్కుంటే పక్షవాతం, ప్లీహంలోనో మూత్రపిండంలోనో ఇరుక్కుంటే అక్కడి కణజాలం చచ్చిపోతుంది. పాతికేళ్ల మనిషికి నాలుగు వారాలుగా జ్వరం ఉండి, ఒకరోజు ఉన్నట్టుండి కాలూచెయ్యీ పడిపోతే, బీపీ కోసం వెతకడానికి ముందు గుండె మీద స్టెతస్కోప్ పెట్టాలి.

ఈ జబ్బు ప్రపంచమంతటా ఒకే తీరులో లేదు. 2000, 2005 సంవత్సరాల మధ్య 25 దేశాల ఆసుపత్రుల్లో చేరిన 2,781 మందిని పరిశీలించిన అంతర్జాతీయ అధ్యయనంలో రోగుల మధ్యస్థ వయసు సుమారు 58 ఏళ్లు. చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రి వైద్యులు 1981 నుంచి 1991 వరకు తమ దగ్గర చేరిన 186 మంది వివరాలు ప్రచురించారు. అందులో సగటు వయసు 25. ఈ తేడాకు కారణాలు కవాటాల్లోనే ఉన్నాయి. సంపన్న దేశాల్లో ఈ జబ్బు వయసు మీదపడి గట్టిపడిన కవాటాలను, కృత్రిమ కవాటాలను, పేస్‌మేకర్ తీగలను, డయాలిసిస్ రోగులను, మత్తు సూదులు పొడుచుకునేవారిని పట్టుకుంటుంది. భారత్ వంటి దేశాల్లో అది చిన్నతనంలోనే కీళ్లవాత జ్వరం పాడుచేసిన కవాటాలను, పుట్టుకతోనే లోపమున్న గుండెలను వెతుక్కుంటుంది. సంపాదించే వయసు వాళ్లు, చిన్నపిల్లల తల్లులు మంచాన పడతారు.

కాబట్టి ఉత్తర తెలంగాణలో ఈ జబ్బు సంగతి గొంతునొప్పి దగ్గర మొదలుపెట్టాలి. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు వాచిన పిల్లల్లో కొద్దిమందికి, రెండు మూడు వారాల తరువాత కీళ్లవాత జ్వరం వస్తుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల వయసులో వచ్చే ఈ జ్వరంలో మోకాలు వాస్తుంది, అది తగ్గగానే చీలమండ, ఆ తరువాత మోచెయ్యి. కీళ్ల వాపు మచ్చ లేకుండా పోతుంది; కవాటం మీద పడిన దెబ్బ మాత్రం ఉండిపోతుంది. గొంతు మళ్లీ మళ్లీ వాచినప్పుడల్లా ఆ దెబ్బ లోతవుతుంది. పదేళ్ల తరువాత మెట్లెక్కితే ఆయాసమనో, తొలి కాన్పులో ఊపిరాడడం లేదనో దవాఖానకు వచ్చేసరికి మైట్రల్ కవాటం ఇరుకైపోయి ఉంటుంది. చిన్ననాటి ఆ మోకాలి వాపు అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ఆ స్ట్రెప్టోకాకస్‌కు కావలసింది ఇరుకు. ఒకే గదిలో ఆరేడుగురు పడుకునే ఇళ్లు, గాలి ఆడని వసతి గదులు దానికి అనుకూలం. జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో, సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్యనే కాపురాలు సాగే గదుల్లో, ఉట్నూరు, జైనూరు, తిర్యాణి ఏజెన్సీలో గోండు, కొలాం పిల్లలు చదువుకునే వసతి గృహాల్లో ఒక బిడ్డ గొంతు వాపు పక్క బిడ్డకు చేరడం ఎంతో సేపు పట్టదు. యూరప్‌లో కీళ్లవాత జ్వరం పెన్సిలిన్ రాకముందు నుంచే తగ్గుముఖం పట్టింది. ఇళ్లు విశాలమవడం, బతుకు మెరుగవడం అందుకు పెద్ద కారణాలు. గుండె జబ్బును నివారించే పనిలో ఇంటి గది పరిమాణానికి కూడా చోటుందన్న మాట వైద్య శాఖ ఒక్కటీ చెబితే సరిపోదు.

జబ్బు పుట్టుక అలా ఉంటే, దాన్ని గుర్తించడం ఇంకో చిక్కు. వెజిటేషన్ పెరుగుతున్న మనిషికి మొదట కనిపించేది జ్వరం, అదీ నెమ్మదిగా. సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంది, రాత్రి చెమట పడుతుంది, ఆకలి చస్తుంది, బరువు తగ్గుతుంది, రక్తం పడిపోతుంది. ఉత్తర తెలంగాణలో ఈ లక్షణాలకు ముందే వేరే పేర్లు సిద్ధంగా ఉంటాయి. వానాకాలంలో ఏజెన్సీ మండలాల్లో మలేరియా, డెంగీ, టైఫాయిడ్ ఏటా వచ్చేవే. అందువల్ల జ్వరం వచ్చిన మనిషి మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతాడు. ఒక సెలైన్, మూడు రోజులు సూదులు. జ్వరం దిగుతుంది. వారం పది రోజులకు మళ్లీ ఎక్కుతుంది. ఈసారి పట్నంలో వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అంటారు. టైఫాయిడ్ తిరిగే ప్రాంతంలో ఒక్కసారి చేసిన వైడల్‌కు పెద్ద విలువ లేదన్నది వైద్య పాఠ్యపుస్తకాలన్నీ చెప్పే మాటే. మళ్లీ సూదులు, మళ్లీ దిగడం, మళ్లీ ఎక్కడం. నెలన్నర గడిచాక బరువు తగ్గిందని క్షయ మందులు కూడా మొదలుపెట్టిన సందర్భాలుంటాయి. అందులోని రిఫాంపిసిన్ కొన్ని క్రిములను కాస్త అణచిపెట్టి అసలు జబ్బును ఇంకా మరుగుపరుస్తుంది.

ఇక్కడ తప్పు సూదిది కాదు, వరసది. ఎండోకార్డైటిస్‌ను తేల్చే పరీక్షల్లో మొదటిది బ్లడ్ కల్చర్. రోగి రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో పోసి, వెచ్చగా ఉంచి, ఏ క్రిమి మొలుస్తుందో చూస్తారు. ఒక్కసారి తీస్తే చాలదు. వేర్వేరు చోట్ల నుంచి మూడు దఫాలు తీయాలి, పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్లు పోయాలి. మొదటి యాంటీబయాటిక్ పడకముందే తీయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. రెండు మూడు రోజుల సూది వెజిటేషన్‌ను నయం చేయలేదు గానీ నెత్తురులో తిరిగే క్రిములను తగ్గించి కల్చర్‌ను ఖాళీ చేయగలదు. పైన చెప్పిన అంతర్జాతీయ అధ్యయనంలో కల్చర్‌లో ఏమీ దొరకనివారు నూటికి పది మందే. పీజీఐ రోగుల్లో సగానికి పైగా అలా మిగిలారు. క్రిమి పేరు తెలియనప్పుడు వైద్యుడు అన్నిటినీ తాకే మందులు ఊహ మీద కలిపి ఇవ్వాల్సి వస్తుంది. వాటిలో కొన్ని మూత్రపిండాలను, వినికిడిని దెబ్బతీసేవి, ఖర్చూ ఎక్కువే.

తీవ్రంగా ఉన్న రోగిని కల్చర్ పేరుతో ఆపి ఉంచాలని దీని అర్థం కాదు. రక్తం తీయడం నిమిషాల పని, తీసిన వెంటనే మందు మొదలుపెట్టవచ్చు. ఫలితం వచ్చాక మందు మార్చుకోవచ్చు.

రెండో పరీక్ష ఎకో. ఛాతీ మీద పెట్టి తీసే టూడీ ఎకోలో పెద్ద వెజిటేషన్లు కనిపిస్తాయి, చిన్నవి తప్పిపోవచ్చు. అనుమానం బలంగా ఉంటే గొంతు గుండా సన్నని గొట్టం దించి గుండె వెనక నుంచి చూసే ఎకో చేస్తారు. కృత్రిమ కవాటం ఉన్నవారికి ఇది దాదాపు తప్పనిసరి. కల్చర్, ఎకో, మిగతా గుర్తులు కలిపి జబ్బును నిర్ధారించే పద్ధతిని 1994లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు రూపొందించారు, 2023లో అది మరోసారి సవరణకు వచ్చింది. ఇవేవీ లేనిచోట కూడా పనికొచ్చే గుర్తులున్నాయి: కొత్తగా వినిపించే గుండె మర్మర్ (అదనపు చప్పుడు), గోళ్ల కింద చీలికల్లాంటి నెత్తుటి గీతలు, వేలి కొసల్లో నొప్పి పెట్టే చిన్న గడ్డలు, పెరిగిన ప్లీహం, మూత్రంలో రక్తం. వేలి గడ్డలకు ఆస్లర్ పేరే పెట్టారు. జ్వరంతో వచ్చిన ప్రతి రోగి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి నింపాదిగా వినడానికి ఖర్చేమీ కాదు.

ఏ క్రిమి అన్నదాన్ని బట్టి జబ్బు నడక మారుతుంది. నోటిలో ఉండే విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్ వారాల మీద మెల్లగా పని కానిస్తుంది. చర్మం మీద ఉండే స్టఫైలోకాకస్ ఆరియస్ మాత్రం రోజుల్లోనే, ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న కవాటాన్ని కూడా చించేస్తుంది. డయాలిసిస్ కోసం మెడలో పెట్టిన గొట్టం, ఐసీయూలో రోజుల తరబడి మార్చని క్యాన్యులా, మానని పుండు దానికి దారులు. జిల్లా పట్టణాల్లో డయాలిసిస్ కేంద్రాలు పెరగడం మంచిదే. వాటితో పాటు ఈ రెండో రకం ఎండోకార్డైటిస్ కూడా జిల్లాలకు వస్తుంది.

ఉత్తర తెలంగాణ వైద్యులు మరువకూడని ఇంకో క్రిమి బ్రూసెల్లా. పశువులు, మేకలు, గొర్రెల నుంచి, కాచని పాల నుంచి, ఈనిన లేదా ఈసుకుపోయిన పశువు మాయను ఒట్టి చేతులతో తీయడం వల్ల మనిషికి సోకుతుంది. ఎక్కి దిగే జ్వరం, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు దాని లక్షణాలు. కవాటాన్ని పట్టుకోవడం అరుదు గానీ, బ్రూసెల్లోసిస్‌తో చనిపోయేవారిలో ఎక్కువ మందిని చంపేది అదే. అదీ ఎక్కువగా అయోర్టిక్ కవాటం మీద. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవారిలో ఎడారిలో ఒంటెలు, గొర్రెలు కాసేవారున్నారు. పచ్చి పాలు అక్కడ మామూలే, బ్రూసెల్లోసిస్ కూడా. ఇంటికొచ్చాక జ్వరం వదలని మనిషిని అక్కడ ఏం పని చేశావని అడగడం పరీక్షలో భాగమే. ల్యాబుకు కూడా ఆ అనుమానం ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ క్రిమి కల్చర్‌లో నెమ్మదిగా మొలుస్తుంది, ల్యాబులో పనిచేసేవారికి సోకే ప్రమాదమూ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరులో మథురలో ప్రారంభించిన పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్య దూడలకు బ్రూసెల్లా టీకా వేస్తారు. పశువైద్యుడి చేతిలోని ఆ టీకా మనిషి గుండెకు కూడా కాపలా.

చికిత్స ఓపిక అడుగుతుంది. క్రిమిని బట్టి పెన్సిలిన్, సెఫ్‌ట్రయాక్సోన్, వాంకోమైసిన్ వంటివి నరం ద్వారా నాలుగు నుంచి ఆరు వారాలు ఇవ్వాలి. జ్వరం వారంలోపే దిగుతుంది, మనిషి లేచి తిరుగుతాడు, కూలి పోతోందని ఇంటికి పోతానంటాడు. సగంలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. డెన్మార్క్ వైద్యులు 400 మందితో జరిపి 2018లో ప్రకటించిన ప్రయోగంలో, మొదటి వారాలు నరం ద్వారా మందిచ్చి, కుదురుకున్న రోగులకు మిగతా కోర్సు మాత్రలతో పూర్తి చేసినా ఫలితం తగ్గలేదని తేలింది. ఆసుపత్రి మంచం దొరకడమే కష్టమైన చోట ఇది ఆశ కలిగించే విషయం. అయితే ఆ రోగులందరి క్రిమి పేరూ వైద్యులకు తెలుసు. కల్చర్ ఖాళీగా వచ్చిన రోగికి ఈ వెసులుబాటు ఇవ్వడం కష్టం.

సుమారు సగం మందికి మందులతోనే పని తీరదు. గుండె విఫలమవుతుంటే, చీము కవాటం చుట్టూ పాకుతుంటే, పెద్ద వెజిటేషన్ నుంచి ముక్కలు తెగుతుంటే ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గకముందే ఆపరేషన్ చేయాలి. ఆలస్యం ఇక్కడ ప్రాణాంతకం, దూరం ఆ ఆలస్యాన్ని పెంచుతుంది. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ సుమారు 165 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. అక్కడివారికి నాగపూరే దగ్గర, సుమారు 200 కిలోమీటర్లు. తిర్యాణి అడవి లోపలి గూడెం నుంచి లెక్కేస్తే పక్కా రోడ్డుకు చేరడం దగ్గరే ప్రయాణం మొదలవుతుంది. కొన్నేళ్లుగా కొంత మార్పు వచ్చింది. ఆదిలాబాద్‌లో రిమ్స్ వైద్య కళాశాల 2008లో మొదలైంది, 2022లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి దానికి తోడైంది. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2021 జూన్‌లో 19 జిల్లాల్లో తెరిచిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుల్లో ఈ ప్రాంతపు జిల్లాలూ ఉన్నాయి. భవనాల కొరత తీరుతోంది. ప్రతి బోధనాసుపత్రిలో రాత్రి పూట కూడా కల్చర్ సీసా దొరకడం, దాన్ని చదివే మైక్రోబయాలజిస్టు ఉండటం తరువాతి మెట్టు.

డబ్బు విషయంలో ఆరోగ్యశ్రీ పెద్ద మార్పు తెచ్చింది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, తరువాత రాష్ట్రమంతటా విస్తరించిన ఈ పథకం కిందికి కవాటం మార్పిడి వస్తుంది. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. కృత్రిమ కవాటాల ధర తగ్గడం వెనక తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ కృషి కూడా ఉంది. డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో అక్కడ తయారైన దేశీయ కవాటాన్ని 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. ఇప్పటిదాకా లక్షకు పైగా అమరాయి.

అయితే ఆపరేషన్‌తో జబ్బు చరిత్ర ముగియదు. లోహపు కవాటం ఉన్నవారు నెత్తురు గడ్డకట్టకుండా అసిట్రోమ్ వంటి మాత్ర జీవితాంతం వేసుకోవాలి, పీటీ ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ చేయించుకోవాలి. మోతాదు తగ్గితే కవాటం బిగుసుకుపోతుంది, పెరిగితే రక్తస్రావం. ఆపరేషన్ ఉచితం, ఆ తరువాతి ముప్పై ఏళ్లు సొంత ఖర్చు అన్నట్టుంది పరిస్థితి. పైగా కృత్రిమ కవాటం మీద క్రిములు సులువుగా చేరతాయి. అలా చేరినప్పుడు మరణాల రేటు ఇంకా ఎక్కువ.

నివారణ మాత్రం చవక. కీళ్లవాత జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు ప్రతి 21 రోజులకు బెంజథిన్ పెన్సిలిన్ సూది వేస్తే గొంతు ఇన్ఫెక్షన్ మళ్లీ రాదు, కవాటం ఇంకా చెడదు. పెద్దపిల్లలకు, పెద్దలకు మోతాదు 12 లక్షల యూనిట్లు, చిన్నపిల్లలకు అందులో సగం. గుండెకు దెబ్బ తగలనివారికి కనీసం ఐదేళ్లు లేదా 18 ఏళ్ల వయసు వచ్చేదాకా (ఏది ఎక్కువైతే అది), తగిలినవారికి ఇంకా చాలా ఏళ్లు కొనసాగించాలి. నొప్పి పెట్టే సూది, కూలి మానుకుని దవాఖానకు పోవడం, ఎలర్జీ వస్తుందేమోనని వేయడానికి జంకే సిబ్బంది, లాభం తక్కువని కంపెనీలు పట్టించుకోకపోవడంతో అప్పుడప్పుడూ మందే దొరకకపోవడం, ఇన్ని అడ్డంకుల మధ్య పిల్లలు మధ్యలో మానేస్తారు. పెన్సిలిన్ పుట్టి ఎనభై ఏళ్లు దాటాక కూడా ఈ చవక మందు పల్లెకు నికరంగా చేరకపోవడం వైద్యరంగపు వైఫల్యాల్లో పెద్దది. 2018 మేలో ప్రపంచ ఆరోగ్య సభ కీళ్లవాత గుండె జబ్బు మీద తీర్మానం చేసింది. తీర్మానం కన్నా ఆశా కార్యకర్త దగ్గర పేర్ల జాబితా, తారీఖుల చార్టు ఎక్కువ పని చేస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడి పిల్లల్లో వెతకాల్సిన జబ్బుల పట్టికలో కీళ్లవాత గుండె జబ్బు, పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, పుచ్చుపళ్లు మూడూ ఉన్నాయి. ఎండోకార్డైటిస్‌కు కావలసిన సరంజామా అంతా ఆ మూడింటిలోనే ఉంది.

పళ్ల విషయంలో ఒక స్పష్టత అవసరం. పన్ను పీకించుకునే ముందు ఒక మోతాదు అమాక్సిసిలిన్ వేసుకోవాలన్న నియమాన్ని అమెరికా హృద్రోగ సంఘం 2007లో కృత్రిమ కవాటం ఉన్నవారికి, గతంలో ఎండోకార్డైటిస్ వచ్చినవారికి, కొన్ని రకాల పుట్టుక లోపాలున్నవారికి పరిమితం చేసింది. ఆస్ట్రేలియా కీళ్లవాత గుండె జబ్బు ఉన్న తన ఆదివాసులకు ఆ రక్షణ కొనసాగించింది. కవాటాలు ఏ కారణంతో చెడుతున్నాయో చూస్తే తెలంగాణకు ఆస్ట్రేలియా దారే దగ్గర. 21 రోజుల సూది వేయించుకుంటున్నాం కదా అని పంటి మందు మానేయకూడదు. రెండూ వేర్వేరు క్రిములకు వేర్వేరు రక్షణలు. ఒకసారి వేసుకునే మాత్ర కన్నా రోజూ శుభ్రంగా ఉంచుకునే చిగుళ్లు ఎక్కువ కాపాడతాయి.

వాల్వు జబ్బు ఉందని తెలిసినవారు, గుండె ఆపరేషన్ అయినవారు, చిన్నప్పుడు కీళ్లు వాచి సూదులు వేయించుకున్నవారు జ్వరం మూడు రోజులు దాటితే ఆ సంగతి వైద్యుడికి మొదటి మాటగా చెప్పాలి. పాత ఎకో కాగితం వెంట తీసుకెళ్లాలి. సూది వేసే ముందే కల్చర్‌కు రక్తం తీయమని అడగాలి.